పదకొండో స్థానం

అడుగు లేని బుట్టలు రెండు కావాలని ఒక పెద్దమనిషి వచ్చి అడిగినప్పుడు, పేము కుర్చీల దుకాణంలో కూర్చుని అల్లుతున్న అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది.

"అడుగు లేకపోతే అది బుట్టెలా అవుతుందండీ?"

"అవుతుందమ్మా. పైనుంచి వేసింది కిందనుంచి జారిపోవాలి."

"ఏం వేస్తారు?"

"బంతి."

ఆమె పక్కకి తిరిగి లోపల పద్దు చూసుకుంటున్న మేనమామ వైపు చూసింది. దుకాణం ఆయనది. అడిగినవాడు వేళాకోళం ఆడుతున్నట్టు లేడని తేల్చుకుని ఆయన తలూపాడు. ఆమె కొలతలు రాసుకుంది.

వచ్చినాయన ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఎక్కడో శిక్షణకి వెళ్ళినప్పుడు కోర్ఫ్‌బాల్ అనే ఆట చూశాడు. చూసిన దగ్గర్నుంచి ఆయనకి నిద్ర పట్టలేదు. తిరిగొచ్చి ఒక సంఘం పెట్టాడు. అందులో ముగ్గురు సభ్యులు: తనూ, భార్యా, బడి గుమాస్తా. భార్య కోశాధికారి. కోశం మాత్రం లేదు.

బుట్టలు అల్లడానికి ఆమెకి ఎక్కువ కాలం పట్టలేదు. అప్పటికే చాలా ఏళ్ళుగా పాత కుర్చీలకి అల్లిక మారుస్తోంది. పేము చీలికల్ని తొట్టిలో నానబెట్టి, తడి ఆరకముందే బిగించి, సూదిలాంటి ఆరతో సందులు సర్ది, అంచు కట్టడం ఆమెకి అన్నం తిన్నంత తేలిక. వేలి కొసలు గరుకుబారి, చీర తాకితే పోగులు లేచేవి. బుట్టలు పూర్తయ్యాక గట్టిగా నిలుస్తాయో లేదో చూద్దామని తనే మోసుకుని బడి మైదానానికి వెళ్ళింది.

అక్కడ ఒక వెల్డరు ఇనప గొట్టాలు పాతుతున్నాడు. మనిషికి రెండింతల ఎత్తు. కొన మీద బుట్ట బిగించే రింగు. ఆమె చేతిలోంచి బుట్ట తీసుకుని నిచ్చెనెక్కి బిగించి, దిగి, చేతులు దులుపుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మాస్టారు బంతి తెచ్చి ఆమెకిచ్చాడు.

"వేసి చూడమ్మా. నీ బుట్టే కదా."

ఆమె రెండు చేతులతో విసిరింది. బంతి అంచుకి తగలకుండా లోపల పడి, కిందనుంచి జారి, వెల్డరు కాళ్ళ దగ్గర ఆగింది.

"ఆదివారాలు ఏం చేస్తుంటావు?" అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రం ఆయన దుకాణానికి వచ్చి మేనమామకి ఆట వివరించాడు. జట్టుకి ఎనిమిది మంది, నలుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. మైదానం మధ్యలో గీత. గీతకి ఒకవైపు ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు గోలు కోసం ఆడతారు. రెండోవైపు మిగతా నలుగురూ అవతలివాళ్ళని ఆపుతారు. గీత దాటకూడదు. రెండు గోల్సు పడగానే పనులు తారుమారవుతాయి. ఆడవాళ్ళని ఆడవాళ్ళే కాయాలి, మగవాళ్ళని మగవాళ్ళే. బంతితో పరిగెత్తకూడదు, నేలకి కొట్టకూడదు, ఎదుట మనిషి చెయ్యెత్తి కాస్తుంటే బుట్టలోకి విసరకూడదు. అంటే ఎంత మొనగాడైనా ఒంటరిగా గోలు వేయలేడు. ఖాళీగా ఉన్నవాడికి ఇంకొకరు అందించాల్సిందే.

మేనమామ అంతా విని, "మా అమ్మాయిని ఎవరూ తోయరు కదా?" అని ఒకటే అడిగాడు.

"తోస్తే ఫౌలండీ."

"అయితే సరే."

ఆమె ఆటలోకి వచ్చింది అలా. దేశం మొత్తమ్మీద ఆ ఆట ఆడేవాళ్ళందర్నీ ఒక పెళ్ళిబస్సులో కూర్చోబెట్టొచ్చు. అందులోంచి జాతీయ జట్టు తయారైంది. అందరూ ఆమెని బుట్టక్క అనడం మొదలుపెట్టారు. తనకన్నా పెద్దవాళ్ళు కూడా బుట్టక్క అనే పిలిచేవారు. వెల్డరు కూడా జట్టులో చేరాడు. స్తంభం వంగితే సరిచేయడానికి ఎలాగూ రావాల్సిందే, వచ్చినవాడు ఊరికే కూర్చోవడం దేనికన్నాడట. అతనికి దూరం నుంచి బుట్టలో వేసే చెయ్యి ఉంది. ఆమెకి బుట్ట కింద నిలబడి, తగిలి ఎగిరొచ్చిన బంతిని పట్టుకుని, ఖాళీగా ఉన్నవాళ్ళకి అందించే కన్ను ఉంది. ఇద్దర్నీ ఒకే నలుగురిలో పెట్టాడు మాస్టారు.

మొదటిసారి ఖండస్థాయి పోటీలకి వెళ్ళినప్పుడు తొలి మ్యాచ్‌లో ముప్పయ్యొకటి–రెండుతో ఓడారు. అవతలి జట్టు అంత వేగంగా గోల్సు వేస్తుంటే, రెండు గోల్సుకోసారి పనులు మారాలి గనక, ఎప్పుడు ఆపాలో ఎప్పుడు ఆడాలో గుర్తుపెట్టుకోవడంతోనే వీళ్ళ తల ప్రాణం తోకకొచ్చింది. కానీ ఆ రెండు గోల్సూ వెల్డరువి. రెండింటికీ బంతి అందించింది బుట్టక్క. మ్యాచ్ అయ్యాక మాస్టారు ఎవర్నీ తిట్టలేదు. "రెండు వచ్చాయి," అన్నాడు. మిగతా మ్యాచ్‌లు కూడా ఓడిపోయి, ఆఖరి స్థానంతో ఇంటికొచ్చారు.

ఆ మరుసటి ఏడు ఆమెకీ వెల్డరుకీ పెళ్ళయింది. ప్రేమ పెళ్ళా, పెద్దలు చేసినదా అని అడిగితే ఇద్దరూ చెప్పలేరు. ఆదివారాలన్నీ కలిసే ఉన్నారు, మిగతా రోజులు కూడా కలిసే ఉందామనుకున్నారు, అంతే.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆ ఉద్యోగం వల్లనో, పుట్టుకతోనో, ఆవిడ గొంతు మూడు వీధుల అవతలికి వినిపించేది. మైదానం గట్టు మీద కూర్చుని, "ఏమే కోడలా, నిద్రపోతున్నావా? నీ వెనకాలే ఉంది చూడు పొడుగుది!" అని అరిచేది. కొన్నాళ్ళకి మాస్టారు ఆవిడ్ని జట్టుకి మేనేజరుని చేశాడు. విదేశాల్లో ఎవరితోనైనా, ఏ భాష అయినా, ఆవిడ గొంతెత్తితే పని జరిగిపోయేది.

రెండో పోటీల్లో కూడా అన్నీ ఓడారు గానీ, ఒక మ్యాచ్ మాత్రం ఆరు గోల్సు తేడాతోనే ఓడారు. మూడోసారి ఒక గెలుపు దక్కింది. వీసాలు రాక అవతలి జట్టు పోటీలకే రాలేదు. జట్టు మైదానంలో నిలబడింది, రిఫరీ కాసేపు చూసి ఈల వేశాడు, రికార్డులో గెలుపని రాశారు. కుర్రాళ్ళు గంతులేశారు. అత్తగారికి మాత్రం ససేమిరా నచ్చలేదు.

"పెళ్ళికొడుకు రాకపోతే పెళ్ళయినట్టేనా?" అంది.

మూడో పోటీల నుంచి తిరిగొచ్చాక బుట్టక్క ఇల్లు వదిలి దుకాణం పైగదికి మారింది.

కారణం ఏమిటని అందరూ అడిగారు. కొట్టాడా? లేదు. తాగుతాడా? లేదు. ఇంకెవరైనా ఉన్నారా? అతనికి అంత ఓపిక లేదు. ఆమె చివరికి అత్తగారికే చెప్పింది, వేరే వీధిలో ఉన్న ఆవిడ ఇంటికి వెళ్ళి, వంటింటి గట్టు మీద కూర్చుని.

"గ్రౌండులో నన్ను పదిసార్లు పిలుస్తాడు అత్తయ్యా. 'ఇటు', 'వెనక', 'నీదే' అంటూనే ఉంటాడు. ఇంట్లో ఉప్పు డబ్బా నా చేతి పక్కనే ఉన్నా అడగడు, లేచొచ్చి తీసుకెళ్తాడు. ఐదేళ్ళయింది. నాకు జ్వరం వస్తే మందు తెచ్చి బల్ల మీద పెడతాడు. ఎలా ఉందని అడగడు. నేను గోడలతో మాట్లాడటం మొదలుపెట్టాను."

అత్తగారు ఈసారి గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గడం చాలా అరుదు.

"వాళ్ళ నాన్న కూడా ఇంతే," అంది. "నేను ఎక్స్ఛేంజిలో పొద్దస్తమానం మాట్లాడేదాన్ని గనక సరిపోయింది. అక్కడే ఉండు. కానీ నన్ను అత్తయ్యా అనడం మానకు."

జట్టు వదలమంటే మాత్రం ఇద్దరిలో ఎవరూ వదల్లేదు. మాస్టారు తల పట్టుకున్నాడు. ఇద్దర్నీ చెరో నలుగురిలో పెట్టాడు. మధ్యగీతకి అటు ఒకరు, ఇటు ఒకరు. అతను గోలు వేసే వైపు ఉంటే ఆమె ఆపే వైపు ఉండేది, పనులు మారితే అటుది ఇటయ్యేది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. సాధనకి వేరువేరు బస్సుల్లో వచ్చి, వేరువేరు బస్సుల్లో వెళ్ళేవారు. జట్టులో మిగతావాళ్ళు మొదట గుసగుసలాడారు, తర్వాత వాళ్ళకి కూడా విసుగొచ్చింది.

నాలుగో పోటీల్లో పన్నెండు జట్లు. ఎప్పటిలాగే ఒక్కొక్కటే ఓడుకుంటూ వచ్చి, ఆఖరికి పదకొండో స్థానం కోసం ఆడాల్సి వచ్చింది. దానికి ముందు మ్యాచ్‌లో, బుట్టక్క నలుగురిలో ఆడే కుర్రాడికి మోకాలు తిరిగింది. బదులుగా ఉన్నవాడు కొత్తవాడు, బంతి చేతికొస్తే కళ్ళు మూసుకునే రకం. మాస్టారు మర్నాడు పొద్దున హాస్టల్ భోజనశాలలో ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఒక్క మాటమ్మా. అతన్ని మీ నలుగురిలోకి మార్చాలి. నీకిష్టం లేకపోతే వేరే దారి చూస్తాను."

"వేరే దారి ఉందా మాస్టారూ?"

"లేదు."

"మరి అడగడం దేనికి?"

"మర్యాదకి."

ఆమె టీ గ్లాసు పక్కకి జరిపింది. దూరంగా కిటికీ దగ్గర వెల్డరు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. అతనికి ముందే చెప్పినట్టున్నారు, తలెత్తడం లేదు.

"సరే," అంది.

మ్యాచ్ మొదలైంది. బుట్టక్క తన చోట, బుట్ట కింద నిలబడింది. వెనక కాస్తున్న పిల్ల ఆమెకన్నా తలకాయంత పొడుగు. బంతి వచ్చిన ప్రతిసారీ ఆమె కళ్ళు మిగతా ఇద్దరి కోసమే వెతికేవి. వాళ్ళిద్దరినీ అవతలివాళ్ళు కట్టేసినట్టు కాశారు. వెల్డరు ఖాళీ చోటుకి వెళ్ళి, నిలబడి, చేతులు చాచేవాడు. "ఇటు" అనేవాడు కాదు. ఇదివరకైతే అరిచేవాడు. ఆమె కూడా చూడనట్టే ఉండేది. చూస్తుండగానే ఐదు–ఒకటితో వెనకబడ్డారు.

ఆ నలుగురిలో రెండో ఆడమనిషి పోస్టాఫీసులో కౌంటరు మీద పనిచేసే పిల్ల. నోరు ఊరుకోదు. ఆట ఆగిన క్షణంలో బుట్టక్క దగ్గరికి వచ్చి, అందరూ వినేలా అంది:

"అక్కా, మీ గొడవ ఏదో ఇంటికెళ్ళాక చూసుకోండి. బావ ఖాళీగా నిలబడి నిలబడి వేళ్ళూనుకుంటున్నాడు!"

తర్వాత వెల్డరు వైపు తిరిగి, "నువ్వు కూడా నోరు తెరువు బావా! సినిమా చూడ్డానికొచ్చావా?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. బుట్టక్కకి మొహం మండింది. కోపంలోనే, ఈసారి బంతి చేతికి రాగానే, కావాలని గట్టిగా, అతని గుండెకేసి విసిరింది. అతను పట్టుకున్నాడు, అదే ఊపులో పైకి వేశాడు. పడింది. ఆ తర్వాతిసారి ఆమెకి చూడాల్సిన అవసరం రాలేదు. ఎడమపక్కనుంచి "ఇటు" అన్న గొంతు వినిపించింది, చేతులు అటు తిరిగాయి. ఏళ్ళ తరబడి వినీ వినీ చెవులకి పట్టేసిన గొంతు అది. అది ఎక్కడినుంచి వస్తోందో, ఎంత దూరమో, అతను ఏ కాలి మీద బరువేసి ఉన్నాడో కూడా ఆ ఒక్క మాటలో తెలిసిపోయేది.

సగం ఆటకి ఏడు–ఆరు. ఇంకాసేపటికి పది–పది. గట్టు మీద అత్తగారి గొంతు బొంగురుపోయింది. ఆఖర్లో వీళ్ళు పన్నెండు–పదకొండుతో ముందుండగా అవతలివాళ్ళు దూరం నుంచి వేశారు. బంతి అంచు మీద గిర్రున తిరిగి బయటికి పడింది. బుట్టక్క ఎగిరి పట్టుకుని గీత అవతలికి విసిరింది. బంతి గాలిలో ఉండగానే ఈల మోగింది.

అవతలి జట్టు వచ్చి ఓడిన మొదటి మ్యాచ్ అది. పదకొండో స్థానానికి పతకాలుండవు, జెండా ఎగరదు. పక్క కోర్టులో వేరే మ్యాచ్ జరుగుతోంది కాబట్టి చప్పట్లు కూడా అటువైపే ఎక్కువ. అయినా మాస్టారు నేల మీద కూర్చుండిపోయి, మోకాళ్ళ మధ్య తలపెట్టుకుని ఏడ్చాడు. అత్తగారు గొంతు పోయింది గనక చేతులతోనే అందరి బుగ్గలూ పుణికింది.

బట్టలు మార్చుకునే గదుల మధ్య సందులో వెల్డరు నిలబడి ఉన్నాడు. ఆమె కోసమేనని తెలుస్తోంది.

"ఇంటికి వచ్చెయ్యొచ్చుగా," అన్నాడు. విడిపోయాక ఆమెతో అతను అన్న అంత పొడుగు మాట అదే.

 ఆమె గోడకి ఆనుకుంది. లోపల ఏదో కదిలిన మాట నిజం. ఒక్క క్షణం సరేననేద్దామనిపించింది. కానీ ఆ ఇంట్లో సాయంత్రాలు గుర్తొచ్చాయి. కంచం చప్పుడు, కుళాయి చప్పుడు, ఇంకే చప్పుడూ లేకపోవడం.

"ఇవాళ బాగుంది," అంది. "ఇలాగే ఆడదాం. ఇల్లు మాత్రం వద్దు."

అతను తలూపాడు. "సరే" అని, "మోచెయ్యి గీరుకుంది, చూసుకో," అన్నాడు.

ఆ సంవత్సరమే కోర్టులో విడాకులయ్యాయి. అదే వారం ఆదివారం ఇద్దరూ సాధనకి వచ్చారు, ఒకే నలుగురిలో ఆడారు. ఇది ఎలా కుదురుతోందని జనం ముక్కున వేలేసుకున్నారు. బుట్టక్కకి మాత్రం ఇందులో వింత కనిపించలేదు. ఒక చోట కుదరని మనిషి ఇంకో చోట కుదరకూడదని ఎక్కడుంది?

జట్టు రికార్డు బాగుపడింది కూడా ఆ తర్వాతే. ఐదో పోటీల్లో తొమ్మిదో స్థానం, ఆరో పోటీల్లో ఎనిమిదో స్థానం. మొదటిసారి ముప్పయ్యొక్క గోల్సు వేసి పంపించిన జట్టు, ఈసారి నాలుగు గోల్సు తేడాతో గెలవడానికి చెమటోడ్చాల్సి వచ్చింది. మధ్యలో వెల్డరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ నర్సు. వార్డు అంతా వినేలా మాట్లాడే మనిషి, ఎదుటివాళ్ళ జవాబు కోసం ఆగే అలవాటు లేదు. ఆ సంసారం చల్లగా సాగింది. మ్యాచ్‌లకి వచ్చి అత్తగారి పక్కనే కూర్చునేది. "అటు పెద్ద కోడలు ఆడుతోంది, ఇటు చిన్న కోడలు కూర్చుంది, నాకేం తక్కువ?" అని అత్తగారు కొత్తవాళ్ళకి పరిచయం చేసేది. విన్నవాళ్ళు కళ్ళు తేలేసేవారు.

ఒకసారి నర్సు బుట్టక్క మోకాలికి కట్టు కడుతూ అడిగింది. "ఆయన మీతో కూడా ఇంతే ఉండేవారా అక్కా, ఉలుకూ పలుకూ లేకుండా?"

"ఇంతే."

"నాకు హాయిగా ఉంది. ఆస్పత్రిలో రోజంతా మూలుగులే."

బుట్టక్క నవ్వింది. నవ్వాక కొంచెం గుచ్చుకుంది, కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

ఆ మోకాలే ఆమెని ఆపింది. బుట్ట కింద ఎగరలేని మనిషి జట్టుకి దేనికని తనే తప్పుకుంది. అప్పటికి మాస్టారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఈల తీసి ఆమె మెడలో వేశాడు. కోచ్‌గా ఆమె చేయాల్సి వచ్చిన మొదటి కష్టమైన పని, జట్టులోంచి వెల్డర్ని తీసేయడం.

అతనికి నలభై దాటాయి. చెయ్యి ఇంకా బాగానే ఉంది గానీ, ఎదుటి కుర్రాళ్ళని కాయలేకపోతున్నాడు. ఒక్క అడుగు వెనకబడితే చాలు, గోలు పడిపోతోంది. ఈ సంగతి ఫోన్లో చెప్పబుద్ధి కాక అతని వెల్డింగు షెడ్డుకి వెళ్ళింది. అతను గేటు తలుపుకి అతుకు వేస్తున్నాడు. ముసుగు పైకెత్తి ఆమెని చూసి, మంట ఆపాడు.

"ఈసారి పోటీలకి నిన్ను తీసుకోవడం లేదు," అంది, నిలబడే.

అతను చేతి తొడుగులు ఒక్కొక్కటే తీశాడు. స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది.

"నేనే చెప్పాలనుకున్నాను," అన్నాడు. "పోయినసారి మూడు గోల్సు నా మీదనుంచే వెళ్ళాయి."

"నాలుగు."

"నాలుగు," ఒప్పుకున్నాడు. "నా చోట ఎవరు?"

"బేకరీ కుర్రాడు."

"వాడు ఎడమవైపు రాడు. కుడికాలు ముందేస్తాడు, అందుకే. రేపట్నుంచి సాయంత్రాలు నా దగ్గరికి పంపు."

కళ్ళు ఎర్రబడ్డాయి అతనికి. వెల్డింగు వెలుగు వల్లనే అని ఆమె అనుకోలేదు.  ఇద్దరూ టీ తాగారు. ఆమె లేచి వస్తుంటే అతను మళ్ళీ ముసుగు దించుకున్నాడు.

ఏడో పోటీలకి పద్నాలుగు జట్లు వచ్చాయి. బేకరీ కుర్రాడు ఎడమవైపు నుంచి కూడా వేశాడు. పోస్టాఫీసు పిల్ల ఇప్పుడు కెప్టెను, నోరు అలాగే ఉంది. నాలుగు మ్యాచ్‌లు గెలిచారు, మూడు ఓడారు. ఆ మూడింట్లో ఒకటి సమానమై, అదనపు సమయంలో పడిన ఒక్క గోలుతో పోయింది. ఆ గోలు పడినప్పుడు బుట్టక్క ఈలని పళ్ళతో కొరికేసింది. ఆఖరి మ్యాచ్ గెలిచాక, జట్టంతా బస్సెక్కుతుండగా, మాస్టారికి ఫోన్ చేసింది.

పక్షవాతం వల్ల ఆయన మాట ముద్దగా వచ్చేది. "ఎన్నో స్థానం?"

"ఏడు మాస్టారూ."

"ఎన్ని జట్లలో?"

"పద్నాలుగు."

అవతల లెక్క వేసుకుంటున్న గొణుగుడు.

"అయితే సగంమంది మన కిందున్నారన్నమాట," అన్నాడు ఆయన.